ఉతకని చొక్కా

మధ్యాహ్నం రెండు గంటలు. సెలూన్‌లో ఇద్దరే ఉన్నారు: ఒకరు బార్బరు, ఇంకొకరు ఎదురు లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషి.

"షట్టర్ సగం దించన్నా."

"మిట్ట మధ్యాహ్నం షట్టర్ దించితే చూసేవాళ్లు ఏమనుకుంటారు? ముందు కూర్చో. కటింగా, గడ్డమా?"

"రెండూ కాదు."

"తలకి రంగా? వేసుకో, తప్పేముంది. నాదీ రంగే. ఇంత నలుపు చూస్తే నీకు తెలిసే ఉంటుంది."

"రంగు కాదన్నా. నువ్వు నవ్వనంటే చెప్తాను."

"నవ్వను."

"ఒట్టు?"

"ఇరవై ఏళ్లుగా నీ తల నా చేతిలో ఉంది. ఎప్పుడైనా నవ్వానా?"

"నా బట్టతల బయటపడ్డ రోజు నవ్వావు."

"అది నవ్వు కాదురా, దగ్గు. చెప్పు."

"చంకలు."

"ఏంటీ?"

"చంకల్లో వెంట్రుకలు. తీసెయ్యాలి. రెండు వైపులా, నున్నగా. చూశావా, నవ్వుతున్నావు."

"నవ్వట్లేదు. దగ్గు."

"నేను వెళ్తాను."

"కూర్చోరా బాబూ. కోపమొకటి. నా దగ్గరికి కుర్రాళ్లు వస్తారు దీనికి. కండలు పెంచేవాళ్లు, అద్దం ముందు చెయ్యెత్తి ఫొటోలు తీసుకునేవాళ్లు. మొన్న ఒక పెళ్లికొడుకొచ్చాడు. యాభై దాటినవాళ్లలో మాత్రం నువ్వే మొదలు, అందుకని. అయినా ఇంట్లో ఒక బ్లేడు ముక్క ఉంటే అయిపోయే పనికి..."

"ప్రయత్నించాను. కుడిచేత్తో ఎడమది ఎలాగో గీసుకున్నాను. ఎడంచేత్తో కుడిది రాలేదు. రెండుచోట్ల తెగింది. ఇస్త్రీపెట్టె మోసి మోసి ఈ భుజం పైకి లేవదు కదా."

"చూడనీ. చొక్కా విప్పు. అబ్బా. ఇది గీసుకోవడం కాదురా, చెక్కుకోవడం. ఇంత అవసరం ఏమొచ్చిందిప్పుడు?"

"షట్టర్."

"దించుతానుండు. ఊఁ, దించాను. ఇప్పుడు చెప్పు."

"ఇవి తీసేస్తే చెమట వాసన పోతుందా అన్నా?"

"పోతుందని అబద్ధం చెప్పను. చెమట పట్టక మానదు. వెంట్రుకలుంటే చెమట వాటిని పట్టుకుని ఉంటుంది, ఆరదు, అక్కడే పులుస్తుంది. తీసేస్తే తొందరగా ఆరుతుంది, సబ్బు పెడితే చర్మం దాకా వెళ్తుంది. సగానికి సగం తగ్గుతుంది."

"సగం చాలదు."

"సగమంటే తక్కువా?"

"ఐదింటిలోపు మొత్తం పోవాలి."

"ఐదింటికేముంది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఈ తొందరేంటి? సరే, చెప్పకు. చెయ్యెత్తి తల వెనక పెట్టుకో. ముందు మిషన్‌తో కురచ చేస్తాను, తర్వాత నురగ పెట్టి బ్లేడు. ఇంట్లో చెల్లెమ్మకి ఎలా ఉంది?"

"అలాగే ఉంది."

"అలాగే అంటే?"

"అలాగే అంటే అలాగే అన్నా. మంచం మీద ఉంది."

"మందు ఎక్కించడం అయిపోయిందా?"

"ఆపేశారు. నెల దాటింది. ఇంక ఒళ్లు తట్టుకోదట. ఇంటికి తీసుకెళ్లి ఆవిడ ఇష్టం వచ్చినట్టు ఉంచండి అన్నారు. అడిగింది పెట్టండి, అడిగిన చోట ఉంచండి అన్నారు."

"అయ్యో. నాతో ఒక్క మాటన్నా చెప్పలేదేంట్రా? రోడ్డుకి ఆ పక్క నువ్వు, ఈ పక్క నేను."

"చెప్తే నువ్వు అయ్యో అంటావని."

"చెయ్యి ఇంకొంచెం పైకి."

"ఇంతకంటే లేవదు."

"సరే, నేనే వంగుతాను. మరి చెల్లెమ్మ ఏం అడిగింది?"

"ఏం అడగలేదు. నెల రోజులు ఏదీ అడగలేదు. మొన్న అడిగింది. వాళ్లక్క ఇంటికి వెళ్తానంది. తనే ఫోన్ చేసి రమ్మంది. ఐదింటికి ఆటో తీసుకుని వస్తోంది వాళ్లక్క."

"ఊరికి ఆ చివర ఉంటుంది, ఆవిడేనా? పోనీలే, అక్కచెల్లెళ్లు. నాలుగు రోజులుండి వస్తుంది."

"నాలుగు రోజులుండి రావడానికి తన దగ్గర ఎన్ని రోజులున్నాయన్నా?"

"అలా అనకురా. నువ్వూ వెళ్లి ఉండు అక్కడే."

"అది రెండు గదుల ఇల్లు. కొడుకు, కోడలు, ముగ్గురు మనవలు. నేనూ వెళ్లి ఉండటానికి చోటెక్కడుంది? ఆదివారం వెళ్లి చూసి రావాలి. ఎన్ని ఆదివారాలో. పిల్లలా, జెల్లలా? ముప్పై ఏళ్లుగా మేమిద్దరమే. ఆఖరి రోజుల్లో నా దగ్గర ఉండనంటోంది."

"అలా అన్నదా?"

"నోటితో ఎందుకంటుంది? అది ఎవర్నీ నొప్పించే మనిషి కాదు. నాకు అర్థమైంది."

"ఏమర్థమైంది?"

"నా వాసన పడట్లేదు."

"ఛ, ఊరుకో."

"నిజమన్నా. తనంతట తను లేవలేదు కదా. పొద్దున, సాయంత్రం నేనే ఎత్తి కుర్చీలో కూర్చోబెడతాను, స్నానాల గదికి తీసుకెళ్తాను. ఎత్తినప్పుడు తన మొహం సరిగ్గా ఇదిగో, ఇక్కడికి వస్తుంది. నేనేమో రోజంతా ఆవిరిలో ఉడికి వస్తాను. చొక్కా పిండితే బకెట్టు నీళ్లు. ఒకరోజు ఎత్తాను. గట్టిగా ఊపిరి పీల్చింది, వెంటనే మొహం అటు తిప్పేసుకుంది. కళ్లమ్మట నీళ్లు. కడుపులో తిప్పినట్టుంది పాపం. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను దగ్గరికి వెళ్తే చాలు, ముందు ఒకసారి పీలుస్తుంది, ఆనక తిప్పుకుంటుంది."

"మందుల వల్ల అలా ఉంటుందిరా. మా మేనత్తకీ అంతే, పోపు వేస్తే వాంతి చేసుకునేది. నీ ఒక్కడిదనేముంది?"

"అందరూ ఒక ఎత్తు, తను ఒక ఎత్తు. తన ముక్కు సంగతి నీకు తెలియదా?"

"తెలియకేం. నా టవల్ వాసన చూసి, పొద్దున్నుంచీ ఏ ముగ్గురికి గడ్డం చేశానో చెప్పింది ఒకసారి. ఆ ముగ్గురిలో ఒకడు నాకు డబ్బులివ్వకుండా పోయాడని కూడా చెబుతుందేమో అనుకున్నాను."

"లాండ్రీలో ఎవరిదో తెలిపే గుర్తు పీలిక ఊడిపోయిన బట్ట ఏదున్నా తన దగ్గరికే వెళ్లేది. ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది స్కూలు మాస్టారిది, ఇది మెకానిక్‌ది, ఇది ఆ లావుపాటి వకీలుది అనేది. ఉతికాక కూడా చెప్పేది అన్నా. ఓనరు నమ్మలేదు మొదట్లో. ఉతికితే మురికి పోతుంది గానీ మనిషి పోడండీ అన్నది ఆయనతో. పదిహేనేళ్లలో ఒక్క బట్ట తారుమారు కాలేదు."

"నువ్వే చెబుతూ నవ్వేవాడివిగా, గుమ్మం బయట ఉండగానే ఆ రోజు ఏం పని చేశావో చెప్పేస్తుందని."

"ఇవాళ ఉన్నికోట్లు చేశావా అనేది. ఇవాళ గంజి ఎక్కువైంది అనేది. ఇంకా చెప్పులు కూడా విప్పలేదు నేను, అప్పటికే. అటువంటి ముక్కున్న మనిషికి నేను రోజుకి నాలుగుసార్లు చంక చూపిస్తుంటే ఎలా ఉంటుందో ఆలోచించు. నరకం కదా. ఇప్పుడు గుమ్మంలోకొస్తే ఎవరూ అంటుంది. నేనని తెలుసు. తెలిసి కూడా దగ్గరికి రావద్దని అలా అంటుంది."

"మగతలో అంటుందేమోరా."

"కాదు. ఇంకోటి విను. పోయిన వారం రెండు తెల్లచొక్కాల గుర్తులు ఊడిపోయాయి. ఒకటి దంతవైద్యుడిది, ఒకటి రంగులషాపు ఆయనది. తనకి కాస్త పొద్దుపోతుందని ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చాను. రెండూ చూసి, ఇది డాక్టరుది అంది. ఇచ్చేశాను. తప్పు. పదిహేనేళ్లలో మొదటిసారి తప్పు. డాక్టరు షాపుకొచ్చి నానా మాటలు అన్నాడు."

"తనకి చెప్పావా?"

"ఎలా చెప్తాను? నువ్వు చెప్పిందే కరెక్టన్నాను. అయినా తన తప్పేముంది? వాటిని చంకలో పెట్టుకుని నడిచి వెళ్లాను అన్నా. నా చెమట అంటుకుని రెండిటి వాసనా చెడిపోయింది. తన ముక్కుని కూడా నేనే పాడుచేశాను."

"నీకు పిచ్చి పట్టింది."

"నా నీలం చొక్కా కూడా పారేసింది."

"ఏ నీలం చొక్కా?"

"పనిలో వేసుకునేది. ఉతక్కుండా వంకీకి తగిలించి ఉండేది. మూడు వారాలైంది, కనబడదు. ఊడ్చే ఆవిడకిచ్చి పారేయించి ఉంటుంది. అడగలేదు నేను. అడిగితే అబద్ధం చెప్పాల్సొస్తుంది కదా తను."

"ఒక్కసారి అడిగి చూడరాదూ? చొక్కా కాదు. అసలు సంగతి."

"ఏమని? నా కంపు నీకు పడట్లేదా అనా? అవునంటే నేనేం చెయ్యను? కాదంటే అబద్ధమని నాకు తెలుసు. సెంటు సీసా సగం ఒంపుకుని వెళ్లాను ఒకరోజు. వీధిలో కుక్క తుమ్మింది. తను మాత్రం ఏమీ అనలేదు. ఓర్చుకుంది. అంత ఓర్చుకునే మనిషిని అడిగి ఏం లాభం? స్నానాలు మూడు చేశాను రోజుకి. సబ్బులు మార్చాను. ఇంక మిగిలింది ఇదే. ఐదింటికల్లా ఒక్కసారి, వాసన లేకుండా ఎత్తుకుని చూపించాలి. అప్పుడు ఉండమని అడుగుతాను. అడగటానికి నాకు మొహం ఉంటుంది."

"నురగ పెడుతున్నాను. చల్లగా ఉంటుంది. కదలకు. ఇక్కడ చర్మం మడతలు మడతలుగా ఉంటుంది, జారితే తెగుతుంది. కదలకురా. చక్కిలిగింతగా ఉందా? ఒళ్లు ఊగుతోంది."

"కాదన్నా."

"మరేంటి?"

"కాదు."

"ఓ. సరే. ఇదిగో, బ్లేడు పక్కన పెట్టేశాను. ఏడ్చెయ్. షట్టర్ దించే ఉంది, ఎవరూ రారు. ఏడ్చాక చేద్దాం. టవల్ తీసుకో. ఉతికిందే."

"టైమెంత?"

"రెండున్నర. కావాల్సినంత ఉంది. అయిందా? చెయ్యెత్తు మరి. ఇదొక్క గీత. ఇదిగో ఇంకొకటి. అయిపోయింది ఈ వైపు. చిన్నపిల్లాడి చంకలా ఉంది. పటిక రాస్తాను, మండుతుంది. వాసనకి కూడా మంచిది. ఇవాళ సెంటు గింటు పూయకు, దద్దుర్లొస్తాయి. మంచినీళ్లతో కడుక్కుని, పొడిగా తుడుచుకుని వెళ్లు."

"మళ్లీ ఎన్నాళ్లకి మొలుస్తాయి?"

"మూడు వారాలు. గరుగ్గా తగులుతాయి. అప్పుడు మళ్లీ రా."

"మూడు వారాలకి మళ్లీ రావాల్సిన పని ఉండాలనే కదన్నా నా బాధంతా."

నాలుగు కావస్తోంది. ఇంట్లో మంచం మీద భార్య, గుమ్మంలో భర్త.

"ఎవరూ?"

"నేనే."

"తొందరగా వచ్చావే."

"ఓనరుని అడిగొచ్చాను. అక్క ఐదింటికేగా?"

"ఐదింటికే. బయల్దేరానని ఫోన్ చేసింది. నీ గొంతేంటి అలా ఉంది?"

"దుమ్ము. పాలు తాగావా?"

"పొయ్యి మీద పెట్టి వెళ్లింది ఊడ్చే ఆవిడ. కట్టేసిందో లేదో. చూడు."

"కట్టెయ్యలేదు. మాడి బొగ్గైంది గిన్నె. ఇల్లంతా పొగ. నీకు తెలియలేదా? ఇంత కమురుకంపు."

"కునుకు పట్టింది."

"ఆరోగ్యంగా ఉన్నప్పుడు పక్కింటి పాలు మాడినా లేచేదానివి. సరేలే, కిటికీ తీస్తాను. లేపి కూర్చోబెట్టనా? అక్క వచ్చేటప్పటికి తల తుడిచి, చీర మారుస్తాను."

"నడుం నొప్పన్నావు నిన్న."

"నా నడుముకేం. చెయ్యి నా మెడ చుట్టూ వెయ్యి. ఇలా. ఒకటి, రెండు..."

"ఆగాగు. ఏంటిది?"

"ఏది?"

"నున్నగా తగిలింది. నీ చంక. చెయ్యెత్తు."

"ఏం లేదు."

"ఎత్తవయ్యా. బనీను పక్కకి తియ్యి. అయ్యో అయ్యో. ఎవరు చేసిందీ పని, కోడిని పీకినట్టు?"

"అన్న. సెలూన్‌లో."

"రెండో వైపు చూపించు. అదీనా? నీకేం పోయేకాలం? ఈ వయసులో ఎవరి కోసం?"

"నవ్వకే. దగ్గొస్తుంది."

"రానీ. నవ్వి ఎన్నాళ్లైంది. మీసం తీసేస్తే ఒకలా ఉంటుంది గానీ, చంకలు తీసేసి ఇంత పెద్దమనిషిలా నిలబడతావేంటి నా ముందు. అబ్బ. కళ్లలో నీళ్లొస్తున్నాయి. నీళ్లివ్వు."

"ఇదిగో. నెమ్మదిగా. ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పాలి?"

"వాసన వస్తోందా?"

"ఏ వాసన?"

"నాది. ఇంకా దగ్గరికి వస్తాను. ఇక్కడ మొహం పెట్టు. నిజం చెప్పు, నేనేమీ అనుకోను. వస్తోందా?"

"లేదు."

"సరిగ్గా చూడు."

"చూశాను. రావట్లేదు."

"కొంచెం కూడా?"

"కొంచెం కూడా."

"అన్న సగమే తగ్గుతుందన్నాడు. మొత్తం పోయింది. చూశావా. మొత్తం పోయింది. ఇన్నాళ్లూ ఈ బుద్ధి ఎందుకు పుట్టలేదో నాకు. అక్కకి ఫోన్ చేస్తాను, రావద్దని."

"ఎందుకు రావద్దని?"

"ఇంక వెళ్లక్కర్లేదుగా నువ్వు."

"దీనికీ దానికీ ఏంటి సంబంధం?"

"నేనేం గుడ్డివాణ్ని కాదు. నీకు నా చెమట వాసన పడట్లేదని తెలుసు. ఎత్తినప్పుడల్లా మొహం తిప్పుకుంటున్నావు. నీ తప్పు కాదు, మందులు. నోరు తెరిచి అనలేవు నువ్వు, అందుకని అక్క దగ్గరికి వెళ్తానన్నావు. మూడు వారాలకోసారి గీయించుకుంటాను. వారానికోసారి అన్నా గీయించుకుంటాను. నాకేం కష్టం కాదు. ఇక్కడే ఉండు."

"ఇన్నాళ్లూ అలా అనుకున్నావా?"

"అనుకోవడమేంటి, నా కళ్లతో చూశాను."

"అందుకా రోజూ మూడు స్నానాలు? అందుకా ఆ సెంటు?"

"సెంటు పూసుకున్నట్టు తెలిసిందా నీకు? ఏమీ అనలేదే ఆ రోజు."

"చొక్కా మీద సెంటు మరకైతే చూశాను. నా బ్యాగు సర్దావా?"

"బ్యాగెందుకిప్పుడు?"

"మందుల చీటీ అందులో పెట్టు. పైన జేబులో."

"మాట మారుస్తున్నావు."

"చీటీ పెట్టు ముందు. అక్క వచ్చేస్తుంది."

"పెడతాను. నువ్వు వెళ్లట్లేదు, అయినా పెడతాను, నీ మాట ఎందుకు కాదనాలి. ఇదేంటి, అడుగున? ప్లాస్టిక్ కవరు రెండు ముళ్లేసి కట్టి ఉంది."

"అది తియ్యకు."

"ఇది నా నీలం చొక్కా."

"కట్టెయ్ అలాగే."

"పారేశావనుకున్నాను. ఇల్లంతా వెతికాను. ఉతకనే లేదు ఇది. కాలరు చూడు, చంకల కింద చూడు, ఉప్పు పేరుకుపోయి తెల్లగా. ఇస్త్రీవాడి పెళ్లాం బ్యాగులో ఉండే చొక్కానా ఇది? వాళ్లింట్లో చూస్తే ఏమనుకుంటారు? అరగంట టైముంది, ఉతికి పెట్టెతో ఆరబెట్టి ఇస్తాను."

"ఉతకొద్దు."

"కంపు కొడుతోందే."

"కొడుతోందా?"

"అదేం ప్రశ్న? నాకే తట్టుకోలేకుండా ఉంది."

"ఎలా ఉంది? చెప్పు. ఎలా కొడుతోంది?"

"ఎలా అంటే... చెమట. పులిసిన చెమట. కాలిన నూలు. కొంచెం గంజి. నువ్వే చెప్పేదానివిగా ఎప్పుడూ. నన్నడుగుతావేంటి?"

"నాకు రావట్లేదు కనక అడుగుతున్నాను."

"ఏది రావట్లేదు?"

"ఏదీ. చొక్కా రావట్లేదు. మాడిన పాలు రాలేదు. నీ సెంటు రాలేదు. నువ్వు రావట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"మూడోసారి మందు ఎక్కించినప్పట్నుంచి. ముందు సబ్బు పోయింది. తర్వాత కూరలు. వేడన్నం పోయింది. అన్నిటికంటే ఆఖర్న నువ్వు పోయావు. ఒకరోజు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డావు, నాకు తెలియలేదు. ఎవరూ అన్నాను. ముప్పై ఏళ్లలో నిన్ను ఎవరూ అని అడగడం అదే మొదలు. నేనే అన్నావు."

"నాకెందుకు చెప్పలేదు?"

"షాపులో, వీధిలో, బస్సెక్కితే పక్కవాడికి, అందరికీ చెప్పుకుంటావు మా ఆవిడ ముక్కు అని. జుట్టు పోయింది. ఒళ్లు పోయింది. అదొక్కటన్నా ఉందనుకోనీ అనుకున్నాను. ఆ రెండు తెల్లచొక్కాలు తెచ్చావు చూడు, ఏది డాక్టరుదీ అని. ఎడంచేతిలో ఉన్నది చూపించాను ఊరికే. కరెక్టే అన్నావు. ఇలా చూడు, నా వైపు. కరెక్టేనా?"

"తప్పు."

"తెలుసు. నీకు అబద్ధం ఆడటం రాదు, చెవులు ఎర్రబడతాయి."

"నేను చంకలో పెట్టుకుని తెచ్చాను కదా, అందుకని చెడిపోయాయనుకున్నాను."

"పిచ్చి మారాజా."

"మరి నేను ఎత్తినప్పుడు మొహం తిప్పుకుంటావెందుకు?"

"ముందు గట్టిగా పీలుస్తానా లేదా?"

"పీలుస్తావు."

"రోజంతా దానికోసమే చూస్తాను. నువ్వు పని నుంచి రావాలి, ఎత్తుకోవాలి. చంకలోకి మొహం వస్తుంది కదా, అక్కడైతే అన్నిటికంటే గట్టిగా ఉంటుంది కదా, ఇవాళ వస్తుందేమో, ఒక్క పిసరు వస్తుందేమో అని పీలుస్తాను. గోడని పీల్చినట్టు ఉంటుంది. అప్పుడు నా మొహం చూస్తే నీకు తెలిసిపోదూ? అందుకని అటు తిప్పుకుంటాను."

"డాక్టరుకి చెప్పావా?"

"చెప్పాను. మందు ఆపాక రావచ్చు అన్నాడు. వస్తే ముందు నీదే రావాలి, అందుకే చొక్కా దాచుకున్నాను. నువ్వు పనిలోకి వెళ్లాక ముడి విప్పి చూస్తాను. గాలి తగిలితే పోతుందని మళ్లీ కట్టేస్తాను. మందు ఆపి నెల దాటింది."

"నేనేమో మొత్తం గీయించుకుని, పటిక రాయించుకుని, కడుక్కుని వచ్చాను. రేపే వస్తుందేమో నీకు. రేపు వస్తే ఏం చేస్తావే?"

"మళ్లీ మొలుస్తాయిలే."

"మూడు వారాలు పడుతుందట."

"మూడు వారాలా?"

"అన్న చెప్పాడు."

"అలాగా."

"ఉతికితే మురికి పోతుంది గానీ మనిషి పోడు అనేదానివి. ఇన్నాళ్లుగా నన్ను నేను ఉతుక్కుంటూనే ఉన్నాను."

"ఏడవకు. నువ్వు ఏడిస్తే నన్నెవరు పట్టుకుంటారు? జారిపోతున్నాను చూడు."

"పట్టుకున్నాను. సరే, విను. వాసన పడక కాదుగా. ఆ సంగతి తేలిపోయింది. ఇంక అక్కతో వెళ్లడం ఎందుకు?"

"నీ నడుం పోతుందని."

"నా నడుం సంగతి వదిలెయ్."

"అక్కకి తోచట్లేదట ఒక్కదానికీ."

"ముగ్గురు మనవలు ఇంటి మీద ఎక్కి దూకుతుంటే తోచకపోవడమేంటి?"

"వాళ్లింట్లో స్నానాల గది మంచం పక్కనే."

"మన ఇంట్లో నేనున్నాను మంచం పక్కనే. నాకు నిజం చెప్పు."

"హారను మోగింది. అక్కే."

"మోగనీ. నువ్వు చెప్పేదాకా తలుపు తియ్యను. నా వాసన కోసం రోజంతా ఎదురుచూసే మనిషివి, నన్ను వదిలి ఎందుకు వెళ్తానంటున్నావు?"

"ఇక్కడ నువ్వు నన్ను ఎత్తుకుంటావు, నా మొహం నీ ఒంటికే ఆని ఉంటుంది, అయినా నువ్వున్నట్టే తెలియదు. అక్కడైతే, నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి వాసన రావట్లేదు అనుకుంటానయ్యా."